హుడ్‌వింక్ అనే మాటకు నేను చెప్పిన అర్థం

కొత్తగా ఇంగ్లీషు టీచర్లుగా చేరినవాళ్ళు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. గ్రామర్ ఎలా చెప్పాలి, పదో తరగతి పిల్లల్ని ఎలా గట్టెక్కించాలి అని అడుగుతారు. వాటికి నాకంటే బాగా చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. నా దగ్గర ఉన్నదల్లా ఒక ఇంగ్లీషు మాట కథ. మోసానికి ఇంగ్లీషులో బోలెడు మాటలున్నాయి. అందులో ఒకదాని అర్థం నేర్చుకోవడానికి నాకు ఆరు నెలలు, ఒక జట్కా, ఒక ఇన్‌స్పెక్షన్ పట్టాయి. ఇందులో తప్పు నాది, నవ్వు అందరిదీ.

"నీకొచ్చా అని అడగలేదప్పా"

నేను చదివింది బి.ఎస్సీ. కప్పను కోయమంటే కోస్తాను గానీ ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు వరసగా మాట్లాడమంటే చెమట పట్టేది. తొంభైల మొదట్లో హిందూపురం హైస్కూల్లో చేరాను. ఆ రోజు హెడ్మాస్టరు నరసింహులు గారు నా కాగితాలు చూసి పక్కన పెట్టారు.

"సైన్సు చెప్పేదానికి మనుషులుండారు. ఇంగ్లీషుకే ఎవరూ లేరు. రేపట్నుంచి నువ్వు ఇంగ్లీషు."

"సార్, నాకు ఇంగ్లీషు అంతగా..."

"నీకొచ్చా అని అడగలేదప్పా. చెప్పమంటాండా."

నరసింహులు గారు మంచి మనిషి. ఫీజు కట్టలేని పిల్లలకు తన జేబులోంచి కట్టేవారు. వానొచ్చి తరగతి కారితే తన గది ఖాళీ చేసి పిల్లల్ని కూర్చోబెట్టేవారు. అంత మంచి మనిషి నాకు రెండు చెడ్డ విద్యలు నేర్పారు. ఆయన్ని తప్పు పట్టను. ఆయనకూ ఎవరో నేర్పే ఉంటారు.

మొదటిది: పిల్లల ముందు 'తెలియదు' అనే మాట నోట రానివ్వకూడదు. "ఒకసారి తెలీదంటివా, అయిపోయ. రేపట్నుంచి నిన్ను లెక్కపెట్టరు. నోటికొచ్చింది చెప్పు, గట్టిగా చెప్పు. గట్టిగా చెప్తే నిజమైపోతుంది."

రెండోది చేతుల పద్ధతి. ఇన్‌స్పెక్షన్‌కు ఆఫీసరు వచ్చి ప్రశ్న అడిగితే తరగతిలో అందరూ చెయ్యెత్తాలి. జవాబు తెలిసినవాళ్ళు కుడిచెయ్యి, తెలియనివాళ్ళు ఎడమచెయ్యి. మాస్టారు కుడిచేతుల్లోంచి ఒకర్ని లేపుతాడు. చెట్టుకు కొమ్మలున్నట్టు తరగతి నిండా చేతులు చూసి ఆఫీసరు సంతోషంగా వెళ్ళిపోతాడు. ఈ పద్ధతికి వారం ముందు నుంచి రిహార్సల్స్ ఉండేవి. పిల్లలకు పాఠంకన్నా ఇదే ఇష్టం.

నేను రెండు విద్యలూ శ్రద్ధగా నేర్చుకున్నాను. టెక్స్ట్‌బుక్కు లోపల గైడు పెట్టుకుని చదవడం మాత్రం ఎవరూ నేర్పలేదు. అది నా సొంతం.

రాజుకు కన్ను కొట్టిన సేవకుడు

కొన్నేళ్ళకు పెనుకొండకు బదిలీ అయింది. కాపురం హిందూపురంలోనే. రోజూ పొద్దున రైలెక్కి పెనుకొండలో దిగి, స్టేషన్ బయట పకీరప్ప జట్కా ఎక్కి బడికి పోయేవాణ్ణి. పకీరప్ప అసలు పేరు ఫకృద్దీన్. ఇంట్లో తెలుగే మాట్లాడే ముస్లిం కుటుంబం. ఆయన కూతురు మాబున్ని నా తొమ్మిదో తరగతి విద్యార్థిని.

ఆ పిల్లకు ఒక డిక్షనరీ ఉండేది. ఎవరో ప్రయాణికుడు జట్కాలో మరిచిపోయాడట. మూడు నెలలు దాచిపెట్టినా అడగడానికి ఎవరూ రాకపోతే పకీరప్ప దాన్ని కూతురికి ఇచ్చాడు. అట్ట లేదు, మొదటి పేజీలు కొన్ని చిరిగిపోయాయి. మాబున్ని దానికి పాత క్యాలెండరు కాగితంతో అట్ట వేసుకుని, సంచిలో అన్నిటికన్నా పైన పెట్టుకునేది.

ఒకరోజు ఉపవాచకంలో కథ చదువుతున్నాను. ఒక సేవకుడు రాజును 'హుడ్‌వింక్' చేశాడని ఉంది. ఆ మాట నాకు తెలియదు. గైడు ఆ రోజు ఇంట్లో మరిచాను. చెవిలో నరసింహులు గారి గొంతు: గట్టిగా చెప్పు. 'వింక్' అంటే కన్ను కొట్టడమని ఎక్కడో విన్న గుర్తు. ఇంకేముంది.

"హుడ్‌వింక్ అంటే కన్ను కొట్టుట. రాసుకోండి."

తరగతి గొల్లుమంది. వెనక బెంచీలో తిప్పేస్వామి అనే పిల్లవాడు లేచాడు.

"సార్, రాజుకు కన్ను కొడితే ఊరుకుంటాడా సార్?"

"ఊరుకోలేదు. అందుకే కోపమొచ్చి కొలువులోంచి తీసేశాడు. చదవలేదా కింద?"

నిజంగానే కింద రాజుకు కోపం వచ్చినట్టు ఉంది. నా అబద్ధానికి కథే సాక్ష్యం చెప్పేసరికి నాకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది. మగ రాజుకు మగ సేవకుడు ఎందుకు కన్ను కొట్టాడో కూడా వివరించబోయాను. ఇంతలో మాబున్ని లేచింది. చేతిలో డిక్షనరీ తెరిచి ఉంది.

"సార్, దీంట్లో వేరేగా ఉండాది సార్. మోసం చేయడం, కండ్లకు గంతలు కట్టడం అని ఉండాది."

నలభై ఎనిమిది మంది నా వైపు చూశారు. "అవునా? ఇలా తే, చూద్దాం" అని ఉంటే అయిపోయేది. ఆ నాలుగు మాటలు నా నోట రాలేదు.

"అట్ట చూస్తే క్యాలెండరు కాగితం, ముందర పేజీలే లేవు. అదీ ఒక డిక్షనరీనేనా? దాంట్లో అంతా అచ్చుతప్పులు. కూర్చో. ఇంక దాన్ని బడికి తేవద్దు."

పిల్లలు మళ్ళీ నవ్వారు. ఈసారి ఆ పిల్లను చూసి. మాబున్ని కూర్చుంది. డిక్షనరీ సంచిలో అన్నిటికన్నా కిందికి పోయింది.

సాయంత్రం ఇంటికొచ్చి చూసుకున్నాను. ఆ పిల్ల చెప్పిందే నిజం. మరుసటి రోజు చెప్పేద్దామనుకున్నాను. మరుసటి రోజు వేరే పాఠం వచ్చింది. ఆ తర్వాత ఇంకోటి. తప్పును వెంటనే ఒప్పుకోకపోతే రోజురోజుకూ దానికి కొవ్వు పడుతుంది.

నేను పెట్టిన టిక్కు

అర్ధసంవత్సర పరీక్షలో పేపరు నేనే తయారుచేశాను. నాకు తెలియకుండానే చెయ్యి ఆ మాటనే అర్థాల జాబితాలో పెట్టింది. ఎవరో ఒకరు సరైన అర్థం రాస్తే మార్కు వేసి, ఎవరికీ తెలియకుండా తప్పు దిద్దుకుందామని దొంగ ఆశ.

మాబున్ని పేపరు తీశాను. చక్కని గుండ్రని అక్షరాలతో రాసింది: హుడ్‌వింక్, కన్ను కొట్టుట.

దానికి నేను టిక్కు పెట్టాను. నా ఉద్యోగంలో వేల టిక్కులు పెట్టి ఉంటాను. వాటిలో ఒక్కదాన్ని చెరిపే వీలుంటే దాన్ని చెరుపుతాను. తెలిసిన పిల్ల తెలియనట్టు రాయడం నేర్చుకుంది. నేర్పింది నేను.

అప్పటినుంచి మాబున్ని తరగతిలో లేచి ఏమీ అడగలేదు. రెండో బెంచీలోంచి చివరి బెంచీకి మారింది. నేను చూడనట్టు ఉన్నాను.

గంతలు కట్టినోడు

జనవరిలో ఒక పొద్దున జట్కాలో నేనొక్కణ్ణే. పకీరప్ప ఎప్పుడూ గుర్రంతో మాట్లాడుతూ తోలేవాడు. ఆ రోజు మౌనంగా ఉన్నాడు.

"ఏమప్పా, గుర్రంతో గొడవైందా?"

"గుర్రంతో యాల గొడవ సార్. పాప సంగతే. ఇంగ్లీషు నాకు రాదు నాయనా, బడి మానేస్తా అంటాండాది. ధర్మవరంలో మా అక్క ఉండాది. మగ్గాల కాడ కండెలు చుట్టే పనికి పిలుస్తాండాది. పరీక్షలు అయిపోతానే పంపిస్తా."

"అంత తొందరేమి?"

"పిల్లే రాదంటాండాది గదా సార్. ముందంతా ఆ పుస్తకం ముందరేసుకొని, గుర్రానికి ఇంగ్లీషులో ఏమంటారు, గడ్డికి ఏమంటారు అని నా పానం తీస్తాండె. ఇప్పుడు దాన్ని గుర్రం మేత తినే గాటిపాడు మీద పడేసింది. నాకేమి తెల్స్తుంది? మీరు సదువుకున్నోళ్ళు. మీరు చెప్పండి. పాపకు ఇంగ్లీషు రాదా?"

నేను మెడ ముందుకు తిప్పాను. ముందర గుర్రం తల ఊపుతూ పోతోంది. దాని కళ్ళకు రెండు పక్కలా తోలు గంతలు. మాట మార్చడానికి అడిగాను.

"పాపం, దానికి గంతలు కట్టి మోసం చేయట్లేదా పకీరప్పా?"

"మోసమెట్లవుతుంది సార్? పక్కన లారీ వస్తే బెదురుతుందని కడతాం. దాని బదులు నేను చూస్తాండా గదా. గంతలు కట్టినోడు రెండింతలు చూడాల సార్. వాడూ కండ్లు మూసుకుంటే, అప్పుడు మోసం."

బడి వచ్చింది. దిగాను. 'పాపకు ఇంగ్లీషు వచ్చు' అనే మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఎందుకంటే దాని వెనకే 'నేనే అబద్ధం చెప్పాను' అనే మాట రావాలి. పైగా మరుసటి వారం ఇన్‌స్పెక్షన్. ఆ వారమంతా నేను తరగతిలో చేతుల రిహార్సల్స్ చేయించాను. ఇది రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

కుడిచేతులు, ఒక ఎడమచెయ్యి

ఆఫీసరు సన్నగా, పొడుగ్గా, నవ్వు ముఖం లేని మనిషి. వచ్చీ రాగానే ముందు బెంచీలోని నోట్సు తీసి తిప్పాడు. ఒకచోట ఆగాడు. కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చి నా వైపు చూశాడు. ఏ పేజీయో నాకు తెలిసిపోయింది. ఆయన ఏమీ అనకుండా పిల్లల వైపు తిరిగాడు.

"హుడ్‌వింక్ అంటే ఏమి? తెలిసినవాళ్ళు చెయ్యెత్తండి."

బిలబిలమంటూ చేతులు లేచాయి. అన్నీ కుడిచేతులే. ఆ అర్థాన్ని ఎవరూ మరిచిపోలేదు. రాజుకు కన్ను కొట్టిన సేవకుణ్ణి ఎవరు మరిచిపోతారు? చివరి బెంచీలో మాత్రం ఒకే ఒక ఎడమచెయ్యి. మాబున్నిది.

"మీరే ఒకర్ని లేపండి మాస్టారూ" అన్నాడు ఆఫీసరు.

పద్ధతి ప్రకారం నేను కుడిచేతిని లేపాలి. తరగతిలో ఆ మాటకు అర్థం తెలిసిన చెయ్యి ఒక్కటే, అది తెలియదని పైకి లేచిన చెయ్యి. ఆ చెయ్యి ఎండాకాలం ధర్మవరంలో కండెలు చుట్టబోతోంది. గంతలు కట్టినోడు రెండింతలు చూడాల సార్ అన్న మాట చెవిలో తిరిగింది.

"మాబున్నీ, నువ్వు చెప్పమ్మా."

తిప్పేస్వామి కంగారుపడి, "సార్, అది ఎడమచెయ్యి సార్!" అని నాకు సాయం చేయబోయాడు. మాబున్ని లేచి నిలబడింది. తల దించుకునే అడిగింది.

"మీరు చెప్పింది చెప్పాల్నా సార్, డిక్షనరీలో ఉండేది చెప్పాల్నా?"

 నా ఉద్యోగంలో మొదటిసారి పిల్లల ముందు తప్పు ఒప్పుకున్నాను.

"డిక్షనరీలో ఉన్నది చెప్పమ్మా. నేను చెప్పింది తప్పు. ఆ సాయంత్రమే తెలిసింది నాకు."

ఆ పిల్ల తలెత్తింది. కొంచెంసేపు నన్నే చూసింది. తర్వాత ఆఫీసరు వైపు తిరిగి చెప్పింది.

"మా నాయన గుర్రానికి గంతలు కడతాడు సార్. దోవ ఆయప్ప చూస్తాడు గాబట్టి అది మోసం గాదు. గంతలు కట్టి గుంతలోకి తోల్తే, అది హుడ్‌వింక్ సార్."

ఆఫీసరు కళ్ళద్దాలు తీశాడు. "వాక్యంలో వాడు చూద్దాం."

మాబున్ని నా వైపు చూసింది. నేను తలూపాను. స్పష్టంగా, ఒక్కో మాటా విడదీసి ఇంగ్లీషులో చెప్పింది.

"అవర్ సార్ హుడ్‌వింక్డ్ అస్."

 నాకు ముందు చెవులు మండాయి. ఆ తర్వాత ఎక్కణ్ణించో నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాను. నేను నవ్వడం చూసి పిల్లలు నవ్వారు. ఆఫీసరు అప్పటికీ నవ్వలేదు. "ఎడమచెయ్యి సంగతేమిటి?" అని తిప్పేస్వామిని అడిగాడు. వాడు దాచలేదు.

"తెలీనోళ్ళు ఎడమచెయ్యి ఎత్తాల సార్. మీరొచ్చినప్పుడు మాత్రమే సార్. దినామూ లేదు."

అప్పుడు నవ్వాడు ఆఫీసరు. బెంచీ పట్టుకుని మరీ నవ్వాడు. "అమ్మాయీ, నీ వాక్యంలో 'అండ్ ద ఇన్‌స్పెక్టర్' అని కూడా కలుపు" అన్నాడు. నాతో మెల్లగా, "మా కాలంలో వేళ్ళ పద్ధతి ఉండేది మాస్టారూ. తెలిస్తే ఐదు వేళ్ళు, తెలియకపోతే నాలుగు. మీది మేలు, దూరానికి కూడా కనపడుతుంది" అన్నాడు. పోతూ రిజిస్టరులో ఒక్క వాక్యం రాశాడు: తరగతికి ఒక మంచి డిక్షనరీ కొనవలెను, మాస్టారుకు మరొకటి.

కార్డు

సాయంత్రం జట్కా ఎక్కగానే పకీరప్ప, "ఏమి సార్, ఆఫీసరు కరిసినాడా?" అన్నాడు. వారం కిందట చెప్పలేనిది అప్పుడు చెప్పాను. మాట అర్థం నాకు తెలియకపోవడం, పిల్ల చెప్పింది నిజమవడం, నేను నలుగురిలో నవ్వులపాలు చేయడం, ఆ టిక్కు. అన్నీ.

పకీరప్ప పగ్గాలు లాగి బండి ఆపాడు. 

"ఆర్నెల్లు సార్" అన్నాడు. "ఆర్నెల్లు మా ఇంట్లో నవ్వు లేదు. అయితే పాపకు ఇంగ్లీషు రాదనేది..."

"రానిది నాకు పకీరప్పా. పాపకు వస్తుంది."

"దిగండి సార్."

దించేస్తున్నాడనుకున్నాను. న్యాయమే అనుకుని దిగాను. ఆయన ముందు పలక మీద పక్కకు జరిగి చోటు చూపించాడు.

"ఈడ కూచోండి. ఇన్నాళ్ళూ ఎనక్కి తిరిగి కూచుంటిరి. దోవ కనపడేచోట కూచోండి."

స్టేషన్ చేరాక ఆయన జేబులోంచి పోస్టు కార్డు తీశాడు. అక్కకు రాయించడానికి కొన్నదట, పాపను పంపుతున్నానని. "ఇప్పుడు పాప రాదని రాయండి. మీ చేత్తోనే రాయండి. తప్పు మీది గదా" అన్నాడు. జట్కా పలక మీద కార్డు పెట్టి రాశాను: 'మాబున్నికి ఇంగ్లీషు బాగా వచ్చు. ఆమెకు చెప్పే మాస్టారుకే రాదు. కాబట్టి ఆమె బడిలో ఉండక తప్పదు.' పకీరప్ప రెండుసార్లు చదివించుకుని విన్నాడు. రెండోసారి గుర్రానికి కూడా వినిపించమన్నాడు. నా రైలు తప్పిపోయింది. ఇద్దరం టీ తాగుతూ ఇంకో రైలు కోసం కూర్చున్నాం.

మరుసటి రోజు క్యాలెండరు అట్ట వేసిన డిక్షనరీ తరగతికి తిరిగొచ్చింది. దానికి నా బల్ల మీద చోటిచ్చాను.

ఎడమ మూల

తర్వాత ధర్మవరం వచ్చాను. ఉద్యోగం ముగిసేదాకా అక్కడే. నల్లబల్ల ఎడమ మూల గీత గీసి 'మాస్టారుకు తెలియనివి' అని రాసేవాణ్ణి. రోజుకు ఒకటైనా అక్కడ చేరేది. పిల్లలు పోటీపడి ఇంట్లో, వీధిలో, తెలిసినవాళ్ళ దగ్గర అర్థాలు పట్టుకొచ్చేవారు. ఎక్కువమంది నేతవాళ్ళ పిల్లలు. వాళ్ళకు దీన్ని వివరించే పనే పడలేదు. పోగు తెగితే మగ్గం ఆపి అతుకుతారు గానీ, తెగనట్టు నేస్తూ పోతే చీరంతా చెడుతుందని వాళ్ళకు పుట్టుకతోనే తెలుసు.

నరసింహులు గారి మాట తప్పని నా తీర్పు. తెలియదన్నందుకు పిల్లలు నన్ను ఒక్కరోజూ చులకన చేయలేదు. ఏడిపించారు, అది వేరే సంగతి. కొత్తగా చేరినవాళ్ళకు ఇంతే చెప్తాను: పిల్లలు మన మాట నమ్మి కళ్ళు మూసుకుని వస్తారు. కాబట్టి మనం చూడాలి. కనపడకపోతే కనపడట్లేదని చెప్పి బండి ఆపాలి.

పెనుకొండలో ఆటోలు ఎక్కువయ్యాక పకీరప్ప జట్కా అమ్మేశాడని తెలిసి చూడ్డానికి వెళ్ళాను. గుర్రం గంతలు మాత్రం అమ్మలేదు. కాగితంలో చుట్టి నా చేతిలో పెట్టాడు. "మీకాడ ఉండనీ సార్. మళ్ళీ ఎప్పుడన్నా అవసరమొస్తే!" అని పడిపడి నవ్వాడు. ఇప్పుడు అవి నా రాతబల్ల మీద, రెండు డిక్షనరీల పక్కన ఉన్నాయి.

రిటైరయ్యే ఏడాది ఒకరోజు ధర్మవరం స్టేషన్‌కు వెళ్ళాను. విచారణ కిటికీ ముందు పెద్ద వరస. నా వంతు వచ్చింది. లోపల ఒకామె తల వంచి ఏదో రాసుకుంటోంది.

"అమ్మా, హిందూపురం పోయే బండి ఏ ప్లాట్‌ఫారం మీదికొస్తుంది?"

ఆమె తలెత్తకుండానే, ఏ మాత్రం తడబడకుండా చెప్పింది.

"తెలీదండీ. ఒక్క నిమిషం, కనుక్కొని చెప్తా."

ఆ గొంతు నాకు తెలుసు.  కిటికీ ముందు నిలబడి ఎడమచెయ్యి పైకెత్తాను. మాబున్ని తలెత్తి చూసింది. చేతిలో ఫోను అలాగే ఉండగా పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. చెయ్యి దించాలని నాకు తోచలేదు.

నా వెనక మూట పట్టుకుని నిలబడిన పెద్దాయనకు ఓపిక అయిపోయింది.

"ఏమప్పా, చెయ్యి యాల ఎత్తినావు? బండి యాడికొస్తుందో తెల్సిందా, ల్యాదా?"

"తెలీదప్పా" అన్నాను, ఎంతో సంతోషంగా.